అరవై ఒక్క నిద్రలు

ఇది చదువుతున్న నిన్నే అడుగుతున్నాను. నీ ఇంటి మనిషి గురించి "చనిపోయింది" అన్న మాట నీ నోటితో ఎప్పుడైనా అన్నావా?

కన్నుమూసింది అని ఉంటావు. వెళ్ళిపోయింది అని ఉంటావు. మా సంఘంలోనైతే ప్రభువునందు నిద్రించింది అంటాం, మహిమలోకి వెళ్ళింది అంటాం. నేనడిగేది అవి కాదు. ఆ ఒక్క మాట. అన్నావా? అనకపోతే ఇది చివరిదాకా చదువు. నా పేరు ఓబద్యా. చుట్టూ సముద్రం ఉన్న తొమ్మిదో దిబ్బ మీద వాక్యం చెబుతాను, మావాళ్ళ భూస్థాపనలు కెమెరాతో తీస్తాను. రెండింటికీ నాకు గురువు లేడు. వలలు అల్లుకునేవాణ్ణి. గ్రంథం చేతికి దొరికింది, తర్వాత కెమెరా దొరికింది. రెండింటినీ ఒకే మూర్ఖత్వంతో పట్టుకున్నాను. దాని ఫలం ఇదిగో, తేదీల వారీగా.

జూన్ 3, మంగళవారం

ఈరోజు హెప్సిబా భూస్థాపన. దయామణి ఒక్కగానొక్క కూతురు. ఇరవై నాలుగేళ్ళు. నాచుతోటల్లో పని చేసేది. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఇది నేను తీసిన అరవై ఒకటో చిత్రం.

తొమ్మిదిన్నరకు కరకట్ట నీళ్ళలోంచి తేలింది. సమాధుల దిబ్బకు ఆ కట్ట ఒక్కటే దారి. పన్నెండున్నరకల్లా పోటు వచ్చి మళ్ళీ ముంచేస్తుంది. పెట్టె మోత, ప్రార్థన, మట్టి, తిరుగు నడక అన్నీ ఆ మూడు గంటల్లోనే. రేవుల్లో జ్వరం కట్టడి ఉంది కాబట్టి పక్క దిబ్బల చుట్టాలు రాలేరు. వాళ్ళకు నా చిత్రమే కడసారి చూపు.

అందుకే బాగా తీయాలి. ఏడ్చే ముఖం మీదికి కెమెరా పొడవకూడదు, ఏడ్చే చేతులు తీస్తే చాలు. వచ్చిన ప్రతి మనిషినీ ఒక్కసారైనా చూపాలి. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో దూరాన ఉన్నవాళ్ళు వెతుక్కుంటారు. తల్లికీ పెట్టెకూ మధ్య నువ్వు నిలబడకూడదు. సముద్రపు గాలి కూతలు పడకుండా మైకుకు పాత మేజోడు తొడగాలి. ఇక చివర నాదైన పద్ధతి ఒకటుంది. మూత వేయకముందే ముఖం మీద కెమెరా నిలిపి, వాక్యం చెప్పి, అక్కడితో ఆపేస్తాను. మేకుల చప్పుడు, మట్టి పడే చప్పుడు నా చిత్రాల్లో వినబడవు. "నిద్రపోతున్నట్టే ఉందయ్యా" అని జనం నా చేతులు పట్టుకునేది దానికే.

ఈరోజు మండిపోతూ చెప్పాను. "ఈ బిడ్డ చనిపోలేదు! నిద్రిస్తోంది! లేపేవాడు దారిలో ఉన్నాడు!"

దయామణి నా కాళ్ళ దగ్గర కూలబడింది. "అన్నయ్యా, ఆ మాట మళ్ళీ అను. ఆ కెమెరాలోకి చూస్తూ అను." కెమెరాలోకి చూస్తూ మూడుసార్లు అన్నాను.

చిత్రం దిబ్బల మనుషుల లెక్క రాసే పేర్ల కచేరీకి పంపాను. అక్కడి యంత్రం చూసి, విని, పోయిన మనిషి పేరు మూయాలి. పేరు మూతపడితే పలుకుపెట్టెలో ఆ మనిషి గొంతు కూడా ఆగిపోవాలి. మా దిబ్బ మీద ఏ గొంతూ ఎప్పుడూ ఆగలేదు. ప్రభువు కృప అనుకున్నాం, ఎందుకని ఎవరం అడగలేదు.

పలుకుపెట్టె అరచేతిలో పట్టేంత ఉంటుంది. మెడలో వేసుకుంటాం. ఆటుపోట్ల వేళలు చెబుతుంది. ఇంటివాళ్ళ గొంతుతో చెబితే జనం మాట వింటారని అలా చేశారు. ఆపడానికి మీట లేదు. నా మెడలో పెట్టె నాలుగేళ్ళుగా నా భార్య రూతమ్మ గొంతుతోనే మాట్లాడుతోంది. పోటు సంగతి చెప్పాక "ఏవయ్యా, తిన్నావా?" అంటుంది. ఒప్పుకుంటున్నాను, నాకది ఇష్టం.

జూన్ 7, శనివారం

దయామణి నవ్వు ముఖంతో వచ్చింది.

"అన్నయ్యా, అమ్మాయి మాట్లాడుతోంది."

"మాట్లాడుతుందమ్మా. పెట్టెలో గొంతు ఉంటుందిగా."

"పోటు మాటలు కాదు. చెమ్మగా ఉందమ్మా అంది. దుప్పటి తడిసినట్టుందంది."

"జ్వరంలో అన్న మాటలు పెట్టె దాచుకుని ఉంటుంది" అన్నాను.

"జ్వరంలో ఇది అనలేదు అన్నయ్యా. నేను పక్కనే ఉన్నాగా."

జూన్ 8, ఆదివారం

హెప్సిబా ఆదరణ కూడిక. ఈసారీ కెమెరా స్టాండు మీద పెట్టి నేనే ప్రసంగించాను. నిద్రించినవారు మేల్కొనే దినం గుమ్మంలో ఉందన్నాను. ఆమెన్లు దద్దరిల్లాయి.

తర్వాత టీ దగ్గర పౌలయ్య నా భుజం మీద చరిచాడు. పడవలకు తారు పూసే ముసలాయన. నోరు మంచిది కాదు, మనిషి మంచివాడు. "తమ్ముడూ, నీ ప్రసంగానికి బతికున్నోళ్ళం కునుకుతున్నాం, పడుకున్నోళ్ళేమో లేత్తన్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు సందులో నన్ను పక్కకు లాగాడు.

"నా పెట్టెలో మా సువార్తమ్మ మూడు వారాల్నించి ఒకటే పోరు. ఎప్పుడు లేపుతావు, ఎప్పుడు లేపుతావు అని. కాపరం చేసినన్నాళ్ళూ నన్ను తెల్లారకుండా లేపింది. ఇప్పుడు నా వంతంట."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ప్రార్థన చెయ్ అన్నా" అన్నాను. అదొక్కటే నాకు తోచింది. సిగ్గుతో రాస్తున్నాను.

జూన్ 11, బుధవారం

పౌలయ్య లేడు.

ఆటులో నాచుకు వెళ్ళినవాళ్ళు చూశారు. సువార్తమ్మ సమాధి మీద మోచేతి లోతు గొయ్యి ఉంది. దాని పక్కన గునపం, జతగా విడిచిన చెప్పులు. కట్ట దాటి వస్తుంటే మనిషిని పోటు తీసుకుపోయింది. మనిషి దొరకలేదు కాబట్టి భూస్థాపన లేదు, చిత్రమూ లేదు.

ఆయన పెట్టె ఇంట్లోనే మేకుకు వేలాడుతోంది. మేం వెళ్ళేసరికి రేవు మెట్ల మీద నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. పెట్టెలో సువార్తమ్మ తీరిగ్గా అంటోంది: "కట్ట మునగడానికి ఇంకా రెండు గంటలుంది. తొందరేం లేదు, నెమ్మదిగా రా."

రెండు గంటలా? కట్ట అప్పటికే మునిగి ఉంది.

ఇంటికి పరుగెత్తాను. నా ప్రతి చిత్రం అట్ట మీద ఆ రోజు ఆటుపోట్ల వేళలు రాసి పెట్టుకునే అలవాటు నాకు. సువార్తమ్మ అట్ట తీశాను. పెట్టె చెబుతున్న వేళలు నిమిషం తేడా లేకుండా ఆమె భూస్థాపన రోజువి.

అప్పుడు నా మెడలో పెట్టె పలికింది. "ఏవయ్యా, తిన్నావా? కట్ట సాయంత్రం నాలుగు దాకా తేలే ఉంటుంది." మొదటి అట్ట తీశాను, రూతమ్మది. సాయంత్రం నాలుగు అని నా చేతిరాతే ఉంది. ఇన్నాళ్ళూ రేవులో సుద్దతో రాసే పలక చూసి తిరిగేవాణ్ణి కాబట్టి, ఆమె చెప్పే వేళలను ప్రేమగా విన్నానే గానీ పట్టించుకోలేదు.

జూన్ 12, గురువారం

కచేరీకి ఫోను చేశాను. సుభాషిణి అనే అమ్మాయి ఎత్తింది. మెత్తటి మాట.

"మీ దిబ్బవి అరవై ఒక్క పేర్లు తెరిచే ఉన్నాయండీ. మీ చిత్రాల్లో మరణం లేదండీ."

"లేకపోవడమేంటమ్మా? అన్నీ భూస్థాపనలే కదా!"

"మేకు లేదు, మట్టి లేదు, ఆ మాట లేదు. మీరేమో నిద్ర అన్నారు. యంత్రం మీ మాట నమ్మిందండీ. మొన్నటి చిత్రంలో మూడుసార్లు అన్నారు కూడా. కిందటి నెలదాకా తెరిచి ఉన్న పేర్లన్నీ ఒకే వరసలో ఉండేవి. ఇప్పుడు మెలకువలో ఉన్నవాళ్ళు ఒక వరస, నిద్రలో ఉన్నవాళ్ళు ఒక వరస చేశారు. నిద్రలో ఉన్నవాళ్ళకు లేచేదాకా రోజు మారదండీ."

"మరి లేపమని ఎందుకు అడుగుతున్నాయమ్మా?"

"నిద్రపోయే మనిషికి కావలసింది అదే కదండీ. పైగా ఇంట్లో మీరంతా లేస్తావు, లేస్తావు అంటూనే ఉన్నారు. పెట్టె వింటుంది."

ఏం చేయాలని అడిగాను. సమాధి దగ్గర నిలబడి, మట్టి కనబడేలా, సొంత మనిషే పేరు పెట్టి ఆ మాట కెమెరాలో చెప్పాలట. నేను చెబితే చెల్లదట. ఎవరి మనిషికి వాళ్ళే.

"ఏ మాట?"

"అదేనండీ."

"నీ నోటితో చెప్పమ్మా, తప్పు పోకుండా ఉంటుంది."

"మా నాన్నగారు పోయినేడాది... పోయారండీ. నాకూ ఆ మాట నోటికి రాదు. క్షమించండి" అని పెట్టేసింది.

జూన్ 13, శుక్రవారం

నిద్ర పట్టలేదు. ఆ మాట రాయడానికి కూడా ఇప్పుడు భయం.

దేవునితో పోట్లాడాను. ముప్పై ఏళ్ళు నేను మరణాన్ని మరణం అనలేదు. అంటే నా విశ్వాసం చచ్చినట్టే అనుకున్నాను. ఇప్పుడు ఒక యంత్రం కోసం నోరు మార్చుకోనా? గ్రంథం తెరిచాను. బేతనియ దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ లాజరు గురించి ప్రభువు మొదట ఏమన్నాడు? మన స్నేహితుడు నిద్రపోతున్నాడనే అన్నాడు. శిష్యులకేం అర్థమైంది? నిద్రపడితే మంచిదేగా, కోలుకుంటాడులే అనుకున్నారు. మా యంత్రం చేసిన తప్పే, అక్షరాలా! అప్పుడాయన ఏం చేశాడు? మాట మార్చాడు. లాజరు చనిపోయాడని దాచకుండా చెప్పాడు. అలా చెప్పాకే సమాధి దగ్గరికి బయలుదేరాడు. ఏడ్చాడు కూడా.

వందసార్లు ప్రసంగించిన భాగం. ముందున్న నిద్ర మాట పట్టుకున్నాను, వెనకున్న మాట మింగేశాను.

దయామణి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. తలుపు సగమే తీసింది.

"నిద్ర అన్నది నువ్వేగా? మూడుసార్లు అన్నావు. ఇప్పుడు కచేరీవాళ్ళు చెప్పారని నా బిడ్డను నా చేత చంపిస్తావా?"

"పెట్టె చెప్పే వేళలు నమ్మొద్దమ్మా. కనీసం అదొక్కటి నా మాట విను. పౌలయ్య..."

"పౌలయ్యకు వయసైపోయింది. సగంలో ఆగాడు. నేను ఆగను."

తలుపు మూసింది. లోపలినుంచి హెప్సిబా గొంతు: "ఎవరమ్మా?"

"ఎవరూ లేరులే తల్లీ. పడుకో."

జూన్ 16, సోమవారం

చేతులకు ఇంకా బురద ఉంది. ఆరకముందే రాస్తున్నాను.

రెండు రోజులు ఆమె గుమ్మం ముందే కాపలా కాశాను. ఈ ఉదయం సంఘంవాళ్ళు పిలిస్తే అరగంట కదిలాను. తిరిగొచ్చేసరికి తలుపు తెరిచి ఉంది, పెరట్లో పార లేదు. రేవు పలక మీద చూశాను: కట్ట ఏడు యాభై ఐదుకు తేలుతుంది, పది యాభై ఐదుకు మునుగుతుంది. హెప్సిబా గొంతు చెప్పేదేమో తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర. అప్పుడు టైము పదీ పది.

కెమెరా, స్టాండు భుజాన వేసుకుని కట్ట మీద పరుగెత్తాను. మెడలో రూతమ్మ, "ఎందుకయ్యా ఆ పరుగు? కూర్చుని వెళ్ళు. నాలుగు దాకా దారి ఉంది" అంటోంది. నా జీవితంలో ఆ గొంతుకు అంత భయపడతానని ఎన్నడూ అనుకోలేదు.

దయామణి మోకాలి లోతు తవ్వేసింది. జుట్టు ముడి విడిపోయి ఉంది. మెడలో పెట్టె, "ఇంకొంచెమే అమ్మా, ఇంకొంచెమే" అంటోంది.

"దయామణీ, పోటు వచ్చేస్తోంది! రా!"

"అబద్ధం! పన్నెండున్నర దాకా ఉందని అమ్మాయి చెప్పింది. నా కూతురు నాతో అబద్ధమాడదు."

చెయ్యి పట్టుకుని లాగాను. పార ఎత్తింది. ఇక ఆమెతో మాట్లాడి లాభం లేదని అర్థమైంది. స్టాండు బురదలో గుచ్చి, కెమెరాను నేరుగా కచేరీ యంత్రానికి కలిపాను. అటు నాలుగు సమాధుల అవతల రూతమ్మది. కెమెరా అటు తిప్పి, నడిచి వెళ్ళి, ఆ మట్టి పిడికెడు తీసి పట్టుకున్నాను.

"నా భార్య రూతమ్మ నిద్ర..."

అలవాటు. నాలుక దానంతటదే అటే పోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే మాట వచ్చింది. వేలమందికి మైకు లేకుండా ప్రసంగించిన నోరు ఇది.

"ఏవయ్యా," అంది రూతమ్మ నా ఛాతీ మీంచి, "ఏంటలా ఉన్నావు? తిన్నావా?"

"తిన్నాను రూతూ" అన్నాను. తర్వాత కెమెరాలోకి చూశాను. "నా భార్య రూతమ్మ చనిపోయింది. ఈ మట్టి కింద ఉంది. చనిపోయింది."

"సరేలే, తలుపు దగ్గర వే..."

ఆగిపోయింది. మాట మధ్యలోనే. నాలుగేళ్ళ కింద రావలసిన నిశ్శబ్దం అప్పుడొచ్చింది. దాని వెనకే ఎవరిదీ కాని గొంతు ఒకటి పలికింది. "ఇప్పుడు పది నలభై. పోటు మొదలైంది. కట్ట వెంటనే దాటండి."

దయామణి పార ఆగింది.

"ఎవరది?"

"ఎవరూ కాదమ్మా. ఈరోజు వేళ చెబుతోంది."

ఆమె మెడలో హెప్సిబా అంటోంది: "పన్నెండున్నర దాకా ఉందమ్మా. ఆపకు." నా మెడలోది అంటోంది: "కట్ట వెంటనే దాటండి." రెండు పెట్టెలు, రెండు వేళలు. ఆమె ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసింది.

"ఏది నిజం అన్నయ్యా?"

"నీ కాళ్ళు చూసుకో."

గోతిలో నీళ్ళు ఊరుతున్నాయి. బురద నీళ్ళు, చీలమండల దాకా. కట్ట వైపు చూసింది. నడుమ ఒకచోట అప్పటికే తెల్లటి నురగ అడ్డంగా పారుతోంది. చాలాసేపు చూసినట్టనిపించింది. నిజానికి ఊపిరి తీసినంతసేపే అయి ఉంటుంది. గోతిలోంచి పైకి వచ్చి, తవ్విన మట్టి రెండు చేతులా తీసుకుని, కెమెరా ముందు నిలబడింది. నేను కెమెరా వెనక్కి వెళ్ళాను. తీస్తున్నది చేతులు కాదు, ముఖమే. నా పద్ధతులన్నీ ఆ గోతిలోనే పోయాయి.

"నా కూతురు హెప్సిబా," అంది. "జూన్ రెండో తారీకు పొద్దున, నా ఒళ్ళో తల పెట్టుకుని..." ఆగింది. "అమ్మా" అంది పెట్టె. "చచ్చిపోయిందయ్యా! నా బిడ్డ చచ్చిపోయింది!"

"అమ్మా, నువ్..."

అంతే.

ఆమె పెట్టిన కేక నా చిత్రంలో ఉంది. తీసేయను. మట్టి గోతిలో పడ్డ చప్పుడు ఉంది, తీసేయను. ఇద్దరం గుండెల లోతు నీళ్ళలో చేతులు పట్టుకుని కట్ట దాటాం. కెమెరా నా నెత్తిన. చిత్రం ఒరిగిపోయింది, గాలి హోరు నిండిపోయింది, అంచుల్లో నా వేలు కనబడుతోంది. ఇంతకంటే చెడ్డగా నేనెన్నడూ తీయలేదు. నేను తీసిన వాటిలో నిజమైన భూస్థాపన ఇదొక్కటే.

జూన్ 17, మంగళవారం

ఇంకా యాభై తొమ్మిది పేర్లు తెరిచి ఉన్నాయి. యాభై తొమ్మిది గొంతులు ఇళ్ళల్లో, మెడల్లో "లేపు" అంటున్నాయి. నిన్న సాయంత్రం నలుగురి ఇళ్ళలో పదును పెట్టిన పారలు చూశాను. రాత్రి ఎవరు ఎటు కదిలారో నాకు తెలియదు.

ఇది పక్క దిబ్బలకూ పంపుతున్నాను, ఎందుకంటే నాలాగే తీసే బోధకులు ప్రతి దిబ్బ మీదా ఉన్నారు. అన్నలారా, మీ అట్టలు తీసి చూడండి. మీ చిత్రాల్లో మేకు వినబడుతోందా? మట్టి కనబడుతోందా? ఆ మాట ఉందా? లేకపోతే మీరు తీసింది భూస్థాపన కాదు, జోలపాట.

తల్లీ, తండ్రీ, నీకూ చెబుతున్నాను. లేపేవాడు వస్తాడు. నా నమ్మకం వెంట్రుకవాసి కదలలేదు. అది ఆయన పని, పార పట్టుకున్న నీది కాదు. నీ పని ఒక్క మాట. ఆ మాటతో నీవాళ్ళను నువ్వు చంపడం లేదు. నీళ్ళలోంచి నిన్ను నువ్వు బయటికి లాక్కుంటున్నావు.

ఈరోజు తొమ్మిదో దిబ్బ కట్ట ఎనిమిది నలభై ఐదుకు తేలుతుంది, పదకొండు నలభై ఐదుకు మునుగుతుంది. ఇది సుద్దపలక మీద చూసి రాస్తున్నాను, నీ మెడలో గొంతు ఏం చెప్పినా వినకు. పార ఇంట్లో పడేసి రా. ఒంటరిగా రాకు, పక్కింటి మనిషి చెయ్యి పట్టుకుని రా. దయామణి కట్ట మొదట్లో నిలబడి ఉంది, నీతో నడుస్తుంది. కెమెరా నేను పడతాను. రేపు కాదు, ఆదివారం కూడిక తర్వాతా కాదు. ఎనిమిదీ నలభై అయింది. లే, చెప్పులు వేసుకో, వచ్చి నీ మనిషి పేరు పెట్టి చెప్పు.